ట్రెబుల్ నాబ్

మా ఇంట్లో దాన్ని హైఫై అని ఎవరూ అనరు. ‘సెట్టు’ అంటారు. కలకత్తాలో తయారైన ఒక యాంప్లిఫయర్, నడుమెత్తు స్పీకర్లు రెండు, వాటి పక్కన ఒక డబుల్ డెక్. 1992లో నాన్న పీఎఫ్ లోన్ పెట్టి కొన్నాడు. ఆ ఏడాది నా ఎల్‌కేజీ ఫీజు రెండు నెలలు ఆలస్యంగా కట్టారని అమ్మ ఇప్పటికీ గుర్తు చేస్తుంది. నాన్న డీజిల్ ఇంజన్లు మరమ్మతు చేసే షాపులో ఫిట్టరు. సాయంత్రం వచ్చి, కిరోసిన్‌తో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, బనీను మీదే కూర్చుని చిట్టిబాబు వీణ పెట్టేవాడు. ‘కొమ్మలో కోయిల’ క్యాసెట్టు ఎన్నిసార్లు తిరిగిందంటే ఒకచోట కోయిల కాస్త బొంగురుగా కూసేది. అది టేపు నలిగిన చోటని నాకు చాలా ఏళ్ళకిగానీ తెలియలేదు. చిట్టిబాబే అలా వాయించాడనుకునేవాణ్ణి.

రెండేళ్ళ క్రితం అమ్మానాన్నల్ని బెజవాడ సత్యనారాయణపురం నుంచి మియాపూర్‌లో మా ఫ్లాట్‌కి తీసుకొచ్చేశాను. సెట్టు కూడా దుప్పట్లు చుట్టుకుని డీసీఎంలో వచ్చింది. డెక్ ఎప్పుడో చచ్చిపోయింది. యాంప్లిఫయర్ మాత్రం స్విచ్ వేయగానే ‘టక్’మని లేచింది.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. ఆ యాంప్లిఫయర్‌కి బేస్, ట్రెబుల్ అని రెండు నాబులు. ఇంజనీరింగ్‌లో చేరి, నెట్‌లో ఆడియో గురించి నాలుగు ముక్కలు చదివినప్పటినుంచీ నాకొక పవిత్రత పట్టుకుంది. నాబులు నిటారుగా పన్నెండు మీద ఉండాలి, రికార్డింగులో ఏముందో అదే వినాలి, మనం వేలు పెట్టకూడదు అని. సెలవులకి ఇంటికెళ్తే ట్రెబుల్ నాబు మూడు గంటల దగ్గర ఉండేది. నేను పన్నెండుకి తిప్పేవాణ్ణి. మళ్ళీ వచ్చేసరికి మూడు. ఓసారి నాలుగు కూడా. “చెవుల్లో సూదులు గుచ్చినట్టుంది నాన్నా, ఎలా వింటున్నావు?” అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. పదిహేనేళ్ళు ఇదే తంతు. నేను తిప్పడం, నేను వెళ్ళాక ఆయన తిప్పడం. దీని మీద మేమిద్దరం ఎప్పుడూ దెబ్బలాడుకోలేదు. మాట్లాడుకోనూ లేదు.

సరే. డెక్ లేదు కాబట్టి లాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఒక వైరు తీసి సెట్టుకి పెట్టాం. పాట వచ్చింది, దాంతోపాటు ‘గుయ్’మని ఒక మోత కూడా వచ్చింది. మౌస్ కదిపితే చిన్న కీచు. పాట మధ్యలో సన్నని చోట్ల, అంటే వీణలో మీటు ఆగిపోయి నాదం సన్నగిల్లే చోట, అదంతా పైకి తేలేది. ఆఫీసులో ఒక కొలీగ్ చెప్పాడు, డ్యాక్ కొనుక్కో అని.

డ్యాక్ అంటే డిజిటల్‌ని అనలాగ్ చేసే పెట్టె. ప్రతి ఫోన్‌లోనూ, టీవీలోనూ ఒకటి ఉంటుంది. విడిగా కొనేది ఆ పని ఒక్కటే శ్రద్ధగా చేస్తుంది. సీడీలో పాట అంటే సెకనుకి 44,100 అంకెలు, ఒక్కో అంకె 16 బిట్లు, అంటే 65,536 మెట్లలో ఏదో ఒకటి. ఈ 44,100 ఏమిటి, గుండ్రంగా 40 వేలో 50 వేలో పెట్టొచ్చుగా అనిపిస్తుంది. మొదట్లో ఈ అంకెల్ని వీడియో టేపుల మీద దాచేవారు. ఒక గీతకి మూడు అంకెలు, 294 గీతలు, సెకనుకి 50 సార్లు. గుణించి చూడండి. అమెరికా, జపాన్ టీవీ లెక్కలో 245 గీతలు, 60 సార్లు. అదీ అంతే వస్తుంది. ఎప్పుడో పోయిన వీడియో టేపు లెక్క ఇవాళ నా ఫోన్‌లో పాటలో కూడా బతికే ఉంది. నాకిలాంటివి ఇష్టం.

అంకెలకీ అంకెలకీ మధ్య ఖాళీ ఉంటుంది కదా, అక్కడ పాట పోతుంది కదా అని చాలామందికి అనుమానం. ఈసీఈ చదివాను, శాంప్లింగ్ సిద్ధాంతం పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను, కానీ అది నిజంగా ఏం చెప్తోందో అమ్మకి వివరించబోయిన రోజునే నాకు అర్థమైంది. చుక్కలు కలిపే ముగ్గు అనుకో అమ్మా, అన్నాను. చుక్కలు పెట్టావు. గీత అన్ని చుక్కల మీదుగా పోవాలి, రెండు చుక్కల మధ్య పిచ్చి మెలికలు తిరగకూడదు. ఈ రెండు షరతులూ పెడితే ఆ చుక్కలకి ఒక్కటే ముగ్గు వస్తుంది, రెండోది రాదు. ముగ్గు చెరిపేసి చుక్కలే ఉంచినా మళ్ళీ అదే ముగ్గు గీయొచ్చు. క్లాడ్ షానన్ 1949లో అచ్చువేసిన వ్యాసంలో ఉన్నది ఇంచుమించు ఇదే. మెలికల మీద పెట్టిన షరతే అసలు కీలకం. సెకనుకి 44,100 చుక్కలు పెడితే, అందులో సగం, 22,050 హెర్ట్జ్ కంటే వేగంగా ఊగే శబ్దం లోపల ఉండకూడదు. మనిషి చెవి ఎంత లేతదైనా 20 వేల దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. డ్యాక్ పని చుక్కలు చూసి ముగ్గు వేయడం. అమ్మ అంతా విని, “మరి చుక్కలు పెట్టినవాడికీ ముగ్గు వేసినవాడికీ చెయ్యి ఒకటే కాకపోతే?” అంది. దానికి ఆడియో వాళ్ళు వంద పేర్లు పెట్టుకున్నారు.

26,500 పెట్టి కొన్నాను. మా ఆవిడకి పద్నాలుగు అని చెప్పాను. (ఇది చదివాక తెలుస్తుంది. పర్లేదు.)

పెట్టె వచ్చింది, యూఎస్‌బీ వైరుతో తగిలించాను, పాట పెట్టాను, మోత అలాగే ఉంది. నా మొహం చూసి నాన్న వచ్చాడు. యాంప్లిఫయర్‌కి ఆయనే ఒకప్పుడు త్రీ పిన్ వేసి ఎర్త్ చేశాడు. లాప్‌టాప్ చార్జర్ కూడా త్రీ పిన్నే. రెండు ఎర్త్‌ల మధ్య వైర్ల గుండా ఒక చుట్టు తయారై, అందులో కరెంటు తిరుగుతోంది. “చార్జర్ పీకు” అన్నాడు. పీకాను. మోత మాయం. ఇరవై ఆరున్నర వేల పెట్టె ఆపలేనిదాన్ని ఆయన రెండు మాటల్లో ఆపేశాడు. తర్వాత టీవీ నుంచి డ్యాక్‌కి ఆప్టికల్ వైరు వేశాం. దాన్లో కరెంటు ఉండదు, వెలుతురే పోతుంది కాబట్టి ఎర్త్ గొడవే లేదు. తగిలించబోయే ముందు నాన్న వైరు కొస పట్టుకుని చూశాడు. కొసన కుంకుమ చుక్కంత ఎర్రటి వెలుతురు. అరచేతిలో పడేట్టు పట్టుకుని, “ఇదేనా చిట్టిబాబు?” అన్నాడు.

మోత పోయాక ఆ రాత్రి విన్నది నాకింకా గుర్తుంది. వీణ తీగ మీద గోరు తగిలిన చప్పుడు, నాదం ఆరిపోతూ ఆరిపోతూ పూర్తిగా పోకుండా ఉండటం. తెర తొలగినట్టుంది అనుకున్నాను. మర్నాడు ఒక స్నేహితుడికి అదే మాట రాశాను, ఇంకా కొన్ని కలిపి: ‘పారదర్శకంగా’, ‘గాలి ఆడినట్టు’, ‘లోతు’. పంపేశాక ఎక్కడో గుచ్చుకుంది. నెలకో పుస్తకం మీద ఏదో రాస్తుంటాను. అంతకుముందు వారమే ఒక కథల సంపుటి గురించి రాసిన దాంట్లో ఇవే మాటలున్నాయి. వరుస కూడా దాదాపు అదే.

ఇలాంటి అనుమానం ఆడియో లోకానికి పాతదే. 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఒక పరీక్ష ఫలితాలు అచ్చువేశారు. సీడీ కంటే ఎక్కువ నాణ్యతతో చేసిన రికార్డింగుల్ని నేరుగా ఒకసారి, మధ్యలో సీడీ స్థాయికి కుదించి ఒకసారి వినిపించారు. 554 సార్లలో 276 సార్లు సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసినా ఆ మాత్రం వస్తుంది. 2022లో అమెరికాలో బాగా పేరున్న ఒక రికార్డుల కంపెనీ అనలాగ్‌గా పేరుపడ్డ తన రికార్డుల్లో చాలావాటికి మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని ఒప్పుకుంది. ‘డిజిటల్ వాసన వస్తే పసిగట్టేస్తాం’ అనే చెవులు ఏళ్ళ తరబడి వాటినే పొగిడాయి.

సాహిత్యంలో ఈ పని ముందే జరిగింది. ఐ. ఎ. రిచర్డ్స్ కేంబ్రిడ్జ్‌లో తన విద్యార్థులకి పదమూడు పద్యాలు కవుల పేర్లు తీసేసి ఇచ్చి, ఏమనిపించిందో రాయమన్నాడు. 1929లో వచ్చిన ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ ఆ రాతల మీదే నిలబడింది. బాగా చదువుకున్న పిల్లలు ఎలా తడబడ్డారో చూస్తే నవ్వొస్తుంది, ఆ తర్వాత నవ్వు ఆగిపోతుంది. నేను రాసిన సమీక్షల్లో ఎన్ని పేరు చూడకుండా కూడా అలాగే రాసేవాణ్ణి? అట్ట మీద పేరు లేకుండా ఆ కథల సంపుటి నా చేతికొస్తే మూడో కథ దాటేవాణ్ణా? నిజాయితీగా చెప్పాలంటే, తెలీదు. కానీ సెట్టు విషయంలో తెలుసుకోవచ్చు. పుస్తకానికి లేని సౌకర్యం దానికుంది.

ఒక ఆదివారం మొదలుపెట్టాం. డ్యాక్ ఒకవైపు, ఫోన్ కొన్నప్పుడు చార్జర్ల డబ్బాలో పడేసిన వేలెడంత డాంగుల్ ఇంకోవైపు. దాంట్లోనూ ఒక డ్యాక్ ఉంటుంది, గోరంత. ముఖ్యమైన జాగ్రత్త సౌండు. నా పెట్టె రెండు వోల్టులు ఇస్తుంది, డాంగుల్ ఒకటి. అంటే పెట్టె ఆరు డెసిబెల్స్ ఎక్కువ మోగుతుంది. ఎక్కువ మోగేది ఎప్పుడూ ‘బాగున్నట్టే’ వినిపిస్తుంది. ఆ రాత్రి నాకు తొలగిన తెరలో సగం ఇదే అయ్యుంటుంది. నాన్న పాత మల్టీమీటర్ తీశాం. 400 హెర్ట్జ్ టోన్ పెట్టి, రెండు వైపులా ఒకే వోల్టేజి వచ్చేదాకా తగ్గించాం. ఎక్కువ హెర్ట్జ్ అయితే ఆ మీటరు అబద్ధాలాడుతుంది. లాప్‌టాప్‌ని బ్యాటరీ మీద ఉంచి, పాట రెండిటికీ ఒకేసారి వెళ్ళేట్టు పెట్టాను. డ్యాక్ ‘ఆక్స్’లోకి, డాంగుల్ ‘ట్యూనర్’లోకి. నేను సెట్టుకి వీపు పెట్టి కూర్చున్నాను. నాన్న ప్రతిసారీ రూపాయి ఎగరేసి, బొమ్మ పడితే ఆక్స్, బొరుసు పడితే ట్యూనర్ తిప్పి, అమ్మ పాలలెక్క పుస్తకం వెనక పేజీలో రాసుకోవాలి. 16 సార్లు. పన్నెండు కానీ ఆపైన కానీ సరిగ్గా చెప్తే గుడ్డి లెక్కన తగిలిందని కొట్టేయడానికి వీల్లేదు. అలా జరిగే అవకాశం నూటికి నాలుగు లోపే.

తొమ్మిది వచ్చాయి.

నాన్న కళ్ళజోడు సర్దుకుని రెండోసారి లెక్కపెట్టాడు. “తొమ్మిదేరా” అన్నాడు, కాస్త జాలిగా. “మొత్తం ఎంతన్నావు ఇది?” అంటుంటే వంటింటి వైపు చూసి మాట మార్చాను. నిజానికి పద్నాలుగోసారి చాలా ఖాయంగా చెప్పాను, ఇది డ్యాకే, ఆ గోరు చప్పుడు విను అని. డాంగుల్ అది.

ఓడిపోయినవాడికి ఇంకో ఆట కావాలి కదా. “నీకు కూడా పెడతాను ఆగు” అన్నాను. ముందు మామూలు టోన్లు వినిపిస్తాను, వినపడగానే పెన్సిల్ ఎత్తు, తర్వాత నీ పదహారు, అన్నాను. 1,000 హెర్ట్జ్ పెట్టాను. పెన్సిల్ లేచింది. 2,000. కాస్త ఆలోచించి లేచింది. 4,000 పెట్టాను.

ఆయన కూర్చునే ఉన్నాడు. పెన్సిల్ వేళ్ళ మధ్య నిలబెట్టి, తల కొంచెం పక్కకి వంచి, పూర్తి శ్రద్ధగా. నేను స్క్రీన్ చూశాను, ప్లే అవుతోంది. నా చెవులకి గుచ్చుకుంటోంది. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, “ఏంటా కీచు, మిక్సీ కాదు కదా?” అంది. నాన్న ఆమె వైపు చూసి, నా వైపు తిరిగి, “పెట్టరా, ఇంకా పెట్టలేదేం?” అన్నాడు.

నేను వెంటనే ఏమీ అనలేదు. టోన్ ఆపలేదు కూడా. ఎందుకు ఆపలేదో తెలీదు. నాలుగైదు సెకన్లు గదిలో ముగ్గురం ఉన్నాం, ఇద్దరం వింటున్నాం. తర్వాత ఆయన మా ఇద్దరి మొహాలూ చూశాడు. పెన్సిల్ కింద పెట్టాడు. “వస్తోందా?” అన్నాడు.

డాక్టరు దగ్గర తీసిన ఆడియోగ్రామ్ ఇప్పుడు ఫైల్లో ఉంది. వెయ్యి దాకా గీత బాగానే నడుస్తుంది. 2,000 దగ్గర 40 డెసిబెల్స్ మెట్టు, 4,000 దగ్గర 70కి గొయ్యి, 8,000 దగ్గర కాస్త తేరుకుని 60. వయసు వల్ల పోయే వినికిడి పైకి వెళ్ళేకొద్దీ జారుతూనే పోతుంది. 4,000 దగ్గర గొయ్యి పడి మళ్ళీ లేచిందంటే అది మోతల మధ్య పని చేసిన చెవి. ఆడియాలజిస్ట్ కాగితం చూస్తూనే, “ఏం ఉద్యోగం సార్ మీది?” అని అడిగింది. నాన్న చెప్పాడు. ఎన్నేళ్ళు? ముప్ఫై నాలుగు. ఆమె తలూపింది. “ఎప్పట్నుంచి తగ్గిందనిపిస్తోంది?” అంటే, “చాలా రోజులే అయిందమ్మా. పాటలో ‘స’లూ ‘ష’లూ ఒకటే అయిపోయాయి. వీణ దూరం జరిగింది. కొంచెం తిప్పుకుంటే వచ్చేది” అన్నాడు. చేత్తో గాల్లో తిప్పి చూపించాడు. పన్నెండు నుంచి మూడుకి.

ట్రెబుల్ నాబు వెనకుండే సర్క్యూట్ పీటర్ బాక్సాండాల్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు 1952లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ప్రకటించిన దాని వంశంలోదే, దాదాపు ఏ యాంప్లిఫయర్‌లో అయినా. పై స్థాయిల్ని మెల్లగా ఎత్తుతుంది. 10 కిలోహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి సాధారణంగా పది డెసిబెల్స్ దాకా. ఆడియోగ్రామ్ పక్కన పెట్టి చూస్తే చాలా మొరటు వైద్యం, గొయ్యి ఒకచోటుంటే మట్టి ఊరంతా పోసినట్టు. అయినా ఆయన దగ్గరున్నది అదే, దాన్ని ఆయనే కనిపెట్టుకున్నాడు. నేను ఏడాదికి రెండుసార్లు వెళ్ళి దాన్ని పన్నెండుకి తిప్పి, కళాకారుడి ఉద్దేశం గురించి చెప్పి వచ్చేవాణ్ణి.

“అప్పుడే చెప్పొచ్చుగా నాన్నా” అన్నాను, కారులో. “నువ్వు అంత ఇదిగా చెప్తుంటే నీకు తెలిసే చెప్తున్నావనుకున్నా” అన్నాడు. వెటకారం లేదు అందులో. ఉంటే బాగుండేది.

వినికిడి యంత్రాలు జత లక్షా పదివేలు. డ్యాక్ ధర మీద పంచాయితీ పెద్దదవకుండా పోయింది. చిత్రమేమిటంటే వాటిల్లోనూ అదే పని. మైకు, శబ్దాన్ని అంకెలు చేయడం, ఆ అంకెల మీద లెక్కలు, అంకెల్ని మళ్ళీ శబ్దం చేయడం. చుక్కలు, ముగ్గు, చింతగింజంత చోటులో. మొదటి వారం ఆయనకి పళ్ళెం మీద చెంచా పిడుగులా పడింది. ఫ్రిజ్ మాట్లాడుతోందన్నాడు. తన చెప్పుల చప్పుడుకి తనే వెనక్కి తిరిగి చూశాడు. మనవరాలి మాటలు ‘ఆఁ?’ లేకుండా మొదటిసారికే అందుతున్నాయి. కానీ పదో రోజున సెట్టు ముందు కూర్చుని, యంత్రాలు తీసి చేతిలో పట్టుకుని, “మనుషులొచ్చారు, తంబురా పోయింది” అన్నాడు.

ఇది నాకు అసలు తట్టని సంగతి. ఈ యంత్రాలు మాట కోసం తయారైనవి. మాట ఎప్పుడూ మారుతుంటుంది. మారకుండా ఒకేలా మోగేది ఫ్యానో ఏసీనో అయ్యుంటుందని అది తగ్గించేస్తుంది. తంబురా చేసే పనే మారకుండా మోగడం. ఇక వేణువు ఒకే స్వరం మీద నిలిచిందంటే అది తన ఈలే అనుకుని, మైకులోకి సౌండు తిరిగొచ్చి కీచుమంటోందనుకుని, దాన్ని చంపబోతుంది. స్వరం వణుకుతుంది. కచేరీ మొత్తానికి ఆధారం ఎవరో ఆ యంత్రానికి తెలీదు. మళ్ళీ ఆడియాలజిస్ట్ దగ్గరికెళ్ళాం. ఆమె విసుక్కోలేదు. సంగీతం కోసం రెండో ప్రోగ్రామ్ వేసి, అందులో మోత తగ్గించేదాన్ని తీసేసి, ఈల పట్టేదాన్ని మందగింపజేసింది. ఫోన్‌లో ఒకటి, రెండు అని నొక్కితే మారుతుంది.

ఇప్పుడు డ్యాక్ మీద ఎక్కువగా నడిచేది అమ్మ సీరియళ్ళే. చాలా పారదర్శకంగా ఏడుస్తున్నారు.

మొన్నొక రాత్రి నాన్న పాలలెక్క పుస్తకం తెచ్చాడు. ఫోన్ నా చేతిలో పెట్టి తను నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. పాట అక్కర్లేదు, ఊరికే తంబురా పెట్టు, ఒకటో రెండో నువ్వు మార్చు, నేను చెప్తా, అన్నాడు. రూపాయి ఎగరేస్తూ పదిసార్లు చేశాం. మారినప్పుడల్లా యంత్రం చెవిలో ఒక చిన్న బీప్ ఇస్తుంది కాబట్టి దాన్ని ముందే ఆపేయించాడు, మోసం వద్దని. ఒక్కోసారి వెంటనే చెప్పాడు, ఒక్కోసారి కళ్ళు మూసుకుని చాలాసేపు ఆగాడు.

పదికి పది. పుస్తకం తీసుకుని పాత పేజీ తిప్పి చూసుకున్నాడు.

“నీకు తొమ్మిదేగా” అన్నాడు. “అదీ పదహారుకి.”